గుమ్మం లేని గుడిసెలు

"ఇంటి తలుపేసినావేటే?" అన్నాడు మా ఆయన.

"ఏసినాను లా. పడుకో."

మా ఇద్దరి మధ్య చివరి మాటలవే, మలాయి వాళ్ల నుంచి మా నోటికి అంటిన ఆ 'లా'తో సహా. ఆస్పత్రి మంచం మీద ఆయన అడిగింది సుంగై సుమున్ రబ్బరు ఎస్టేటులో, కూలీల ఇళ్ల లైనులో ఉన్న మా ఇంటి గురించి. ఆ లైను పడగొట్టి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడక్కడ ఆయిల్‌పామ్ చెట్లు.

ఆయన కర్మలయ్యాక మనవరాలు నన్ను మలక్కా తీసుకెళ్లింది. నాకు నా పేరు రాయడమే వచ్చు. ఇది రాస్తున్నదీ తనే. అక్కడ మ్యూజియంలో, ఎప్పుడో డచ్చి దొరలు గీసిన ఊరి బొమ్మలున్నాయి. నది, పొగమంచు, పొగమంచులో తేలుతున్న కోట. చూస్తూ చూస్తూ పడవలో పోతున్నట్టే అయింది నాకు.

"కోటను అంత పెద్దగా ఎందుకు గీసినారో తెలుసా అమ్మమ్మా? ఊరు మాదీ అని. చర్చి కొండ మీదెట్టినారు, దేవుడూ మావోడే అని."

"మరి మనలాంటోళ్లేరీ?"

"అదిగో, కింద."

కొబ్బరిచెట్ల కింద గడ్డి కప్పులు. కోట కిటికీలకు రెక్కలు కూడా గీసిన చెయ్యి, గుడిసెలకు గుమ్మమే గీయలేదు. దారిలో కోవెల గడపకు మొక్కినప్పుడు అంటిన పసుపు నా వేళ్లకింకా తడిగా ఉంది. గుడిసె కింద, బొమ్మకున్న అద్దం మీద ఓ గీత గీశాను.

కాపలా ఆయన మలాయి భాషలో కేకేశాడు, ముట్టుకోవద్దని.

"సిగ్గు లా అమ్మమ్మా! ఏటిది?"

"గడపే. గడప లేకపోతే లోపలికెలా ఎల్తారు?"

కాపలా ఆయన నవ్వి, గుడ్డతో తుడిచేశాడు. గుడిసె మళ్లీ మూసుకుపోయింది.

మా ఎస్టేటులోనూ అంతే. మిట్ట మీది దొర బంగళాకు ఎన్ని ఫొటోలో! మా లైనుకు ఒక్కటీ లేదు. ఈమధ్య కళ్లు మూసుకుంటే నాకూ బంగళా స్తంభాలే వస్తున్నాయి. మా ఇల్లు జారిపోతోంది. ఆ భయంతోనే చెప్తున్నాను.

లైనులో చివరిదే మాది. తూర్పు ముఖం. నీలం తలుపు, అడుగున చెదలు తిన్నది. గుమ్మం పొట్టిది, మా ఆయన వంగి వచ్చేవాడు, రబ్బరుపాల వాసనతో. వంగినప్పుడల్లా ఆయన తల పాపిడి కనపడేది.

బంగళాకు ఒక్క ముక్క చాలు. మా ఇల్లు పెద్దగా రాయి తల్లీ. రాశావా? అయితే మెల్లగా చదివి వినిపించు. ఎక్కడైనా ఇల్లు చిన్నదైపోతే ఆపుతాను.