తలుపు దబ్బున వేస్తేనే స్టార్టయ్యే కారులో ధర్మవరం దాకా

హిందూపురం నుంచి ధర్మవరానికి ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూ. సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కి, పెనుకొండ దాటి, చెన్నేకొత్తపల్లి దగ్గర దిగి లోపలికి తిరిగితే గంటన్నర, మహా అయితే గంటా ముప్పావు. మాకు మాత్రం ఐదున్నర గంటలు పట్టింది. ఎందుకు పట్టిందో చెబితే సగంమంది నవ్వుతారు. నవ్వండి, ఏం పర్వాలేదు. ఆ రోజు నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ, మధ్యలో అదీ వచ్చింది.

మా నాయన ధర్మవరంలో నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. అమ్మ పోయిన తర్వాత నాలుగేళ్ళుగా హిందూపురంలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. చక్కెర జబ్బుంది. ఈ ప్రయాణానికి రెండు నెలల ముందు ఇక్కడి కంటి డాక్టరు చూసి, కుడి కంట్లో లోపల రక్తం చిమ్మింది, రెటీనా డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాదు అని నాతో గట్టిగా చెప్పాడు. బెంగళూరు అంటే నాయన గడప దాటడు. ధర్మవరంలో ఒక చిన్న కంటి ఆసుపత్రికి బెంగళూరు నుంచి రెటీనా డాక్టరు నెలకొకసారి వచ్చి, ఒంటిగంట దాకా చూసి వెళ్తారని తెలిసింది. సొంతూరు కాబట్టి నాయన సరే అన్నాడు. తీరా మొదటి నెల ఆ రోజు రాగానే "నాకు బాగనే కనపడతాండాది పాపా, దుడ్లెందుకు దండగ" అని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఈసారి కూడా తప్పితే మళ్ళీ నెల ఆగాలి. అందుకే ఏమైనా సరే ఒంటిగంటలోపు ఆయన్ను ఆ డాక్టరు ముందు కూర్చోబెట్టాలని పట్టుబట్టాను.

పట్టుదల నాకుంటే సరిపోదు కదా, కారుకు కూడా ఉండాలి. మాది పన్నెండేళ్ళ పాత పెట్రోలు కారు. అప్పటికి రెండు వారాలుగా దానికి ఒక వింత జబ్బు పట్టుకుంది. బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి మీటరులోని ముళ్ళన్నీ సున్నాకు పడిపోతాయి, ఇంజను ఆగిపోతుంది. తాళం తిప్పితే స్టార్టరు గిర్రుగిర్రున తిరుగుతుందే తప్ప ఇంజను అందుకోదు. పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. బ్యాటరీ పోయిందన్నారు, నాలుగు వేల ఎనిమిది వందలు పెట్టి కొత్తది వేయించాం. జబ్బు అట్లాగే ఉంది. ఇంకో మెకానిక్కు దగ్గర ఒక రోజంతా వదిలితే, ఆ రోజంతా బుద్ధిగా నడిచి నా పరువు తీసింది. చివరికి ఒకనాడు ఒళ్ళు మండి డ్రైవరు వైపు తలుపు దబ్బున వేసి తాళం తిప్పితే, టక్కున స్టార్టయింది! అప్పట్నుంచి అదే మా వైద్యం. ఆగిందంటే దిగడం, తలుపు దబ్బున వేయడం. మా వీధివాళ్ళు ఈ మొగుడూ పెళ్ళాం రోజూ పోట్లాడుకుంటున్నారని అనుకుని ఉంటారు.

మరి అలాంటి కారులో ఎందుకు బయల్దేరావంటారా? రైలుంది, బస్సులున్నాయి. కానీ కంట్లో మందు వేస్తే నాలుగైదు గంటలు ఎండ చూడలేరు, ఆ కళ్ళతో ఆయన్ను బస్సు ఎక్కించి దించడం నా వల్ల కాదనిపించింది. మా ఆయనకు ఆ రోజు షిఫ్టు. పొద్దున ఏడుంబావుకు నేనూ నాయనా ఇద్దరమే బయల్దేరాం. సోమందేపల్లి ఇంకా రాకముందే ఒక స్పీడుబ్రేకరు మీద ముళ్ళు పడిపోయాయి. దిగి తలుపు వేశాను. రెండోసారి వేశాను. మూడోసారి నా చెయ్యి నొప్పి పుట్టేట్టు వేస్తే అందుకుంది. పక్క సీటులోంచి నాయన మెల్లగా అన్నాడు, "పాపా, బండికే ఇష్టం లేనట్టుండాది. వెనక్కి పోదాం పద." నాకెంత కోపం వచ్చిందంటే గేరు వేసి కారును ముందుకే దూకించాను.

హైవే ఎక్కాక రోడ్డు చక్కగా ఉంటుంది, మనసు కూడా కాస్త కుదుటపడుతుంది. పెనుకొండ ఇంకా కొంత దూరం ఉందనగా కార్ల ఫ్యాక్టరీ వస్తుంది. కొత్త కార్లు వరసల్లో నిలబడి ఎండకు మెరుస్తూ ఉంటాయి. మా మహారాణి సరిగ్గా వాటి ఎదురుగానే ఆగిపోయింది. సిగ్గు లేకపోతే సరి! ఈసారి తలుపు వైద్యం కూడా పనిచేయలేదు. లారీలు పోతుంటే కారు అంతా ఊగుతోంది, నేను గడియారం చూస్తాను, తాళం తిప్పుతాను, మళ్ళీ గడియారం చూస్తాను. ముప్పావు గంట అక్కడే పోయాక, దానికే బుద్ధి పుట్టి అందుకుంది. తొమ్మిదిన్నరకు పెనుకొండ చేరాం.

మాత్రలు వేసుకున్నాక నాయన టైముకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. బస్టాండు దగ్గర ఒక గ్యారేజీలో కారు అప్పజెప్పి, పక్కనే బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై. బొరుగులు మెత్తగా, నిమ్మకాయ సరిగ్గా పడి ఎంతో బాగుంది, కొండ మీది కోట గోడలు చూస్తూ తినొచ్చు. నేను మాత్రం నిలబడే మింగాను. వండే ఆమె నన్ను చూసి, "ఏమక్కా, అంత ఆత్రంగా తింటాండావు, కూర్చోరాదా?" అంది. "ఒంటిగంటలోపల ధర్మవరం పోవల్లమ్మా" అన్నాను. "ఒంటిగంటకా? నడిచినా పోతావులే!" అని నవ్వింది. నాయన కూడా నవ్వాడు. ఆయన చెయ్యి చాచితే నీళ్ళ గ్లాసుకు బదులు చట్నీ గిన్నె తగిలి ఒలికింది. "జాగ్రత్త నాయనా" అని విసుక్కుని టవలు అందించాను, అంతే.

గ్యారేజీ అతను బ్యాటరీ పిన్నులు గీకి, స్టార్టరు రిలే మార్చి, మూడు వందల యాభై తీసుకున్నాడు. "ఇంక చూసుకోపన్లేదు మేడమ్" అన్నాడు. పదీ ముప్పావుకు బయల్దేరితే, అరగంట పోయామో లేదో, చెన్నేకొత్తపల్లి మలుపుకు ముందు మళ్ళీ ముళ్ళు సున్నాకు పడ్డాయి. టైము పదకొండుంబావు. తలుపు వేసి వేసి నా భుజం లాగేసింది. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చేశాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నాయన కారు దిగి, బానెట్టు పట్టుకుని మెల్లగా నా దగ్గరికొచ్చి, "ఏడవద్దు పాపా. వచ్చే నెల పోదాం" అన్నాడు. "వచ్చే నెల, వచ్చే నెల! నీకు కన్ను పోతే తెలుస్తాది!" అని అరిచాను.

మమ్మల్ని చూసి ట్రాక్టరు అతను ఒకడు తాడు కట్టి, కాస్త దూరంలోని ఒక ఎలక్ట్రీషియను షెడ్డు దాకా లాక్కొచ్చాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆ షెడ్డులో ఉన్నవన్నీ ట్రాక్టర్లూ బోర్‌వెల్ లారీలూ. యజమానికి యాభై ఏళ్ళుంటాయి. కారు ముట్టుకోకుండా ముందు స్టూలు మీద కూర్చుని నన్ను అడగడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఒక్కరూ అట్లా అడగలేదు.

"తలుపు వేస్తే స్టార్టయితాదా? ఏ తలుపు?"

"నా వైపుది."

"ఎడమ పక్క తలుపు వేస్తే?"

"కాదు."

"ఈ రోగం మొదలయ్యేకి ముందర బండిలో ఏమన్నా పని చేపించినారా?"

"ఏమీ లేదన్నా. ఫోను ఛార్జింగు పాయింటు పోయుంటే మా నాయనే బాగుచేసినాడు. అది బాగా పనిచేస్తాండాది."

అతను నాయన వైపు ఒకసారి చూశాడు. తర్వాత తాళం ఆన్ చేయమని నాకు చెప్పి, స్టీరింగు కింద తల దూర్చి, స్క్రూడ్రైవరు పిడితో అక్కడున్న ఫ్యూజుల పెట్టె మీద టకటకా కొట్టాడు. కొట్టినప్పుడల్లా మీటరు ముళ్ళు లేచి పడుతున్నాయి. మూత తీసి, ఒక ఫ్యూజును పట్టకారుతో లాగి అరచేతిలో పెట్టుకుని బయటికొచ్చాడు. నీలం రంగు ఫ్యూజు. దాని రెండు కాళ్ళకూ చుట్టి, మధ్యలో ముడి వేసి, బంగారు రంగు దారం. జరీ!

"ఎవరప్పా ఇది చుట్టినది?" అన్నాడు.

"నేనే" అన్నాడు నాయన. "మగ్గాల కాడ కరెంటు ఫ్యూజు కాలిపోతే, ఆ పొద్దులో తీగ యాడ దొరుకుతాది? అసలు జరీ, వెండి కలిసింది, నాలుగు పోగులు మెలేసి చుట్టేది. రాత్రంతా లైటు ఎలిగేది."

"పెద్దాయనా, ఇంటి ఫ్యూజుకైతే నీ జరీ సరిపోయిందేమో. ఇది వేడెక్కితే వదులవుతాది, కదిలిస్తే మళ్ళీ తగులుకుంటాది. అందుకే తలుపు దెబ్బకు లేస్తాండాది" అన్నాడతను. మొత్తం కథ అర్థమైంది. ఛార్జింగు ఫ్యూజు కాలిపోయింది. అది వెతుకుతూ నాయన రెండు మూడు ఫ్యూజులు పీకాడు. పెట్టేటప్పుడు ఇంజనుకు వెళ్ళే మంచి ఫ్యూజును ఛార్జింగుకు పెట్టాడు, కాలిపోయినదానికి జరీ చుట్టి ఇంజనుకు పెట్టాడు. ఛార్జింగు బాగైంది కాబట్టి మాకు అనుమానమే రాలేదు. ఎలక్ట్రీషియను పెట్టె మూత తిప్పి చూపించాడు. ఏ గదిలో ఏది ఉండాలో చిన్న చిన్న అక్షరాల్లో రాసి ఉంది. "ఈడ ఎర్రది ఉండల్ల. నీలంది పెట్టినావు. చిన్న పిల్లోడు కూడా రంగు చూసి పెడతాడు కదప్పా" అని నవ్వాడు.

నేను కూడా అందుకున్నాను. "రంగు కూడా చూడకుండా ఎట్ల పెడితివి నాయనా? రెండు వారాలు చచ్చిపోయినా నేను!"

"చూసినా పాపా" అన్నాడు. "రెండూ ఒకటే మాదిరి ఉండాయి."

ఎలక్ట్రీషియను నవ్వు ఆపేశాడు. ఎర్రదీ నీలందీ ఒకటే మాదిరి! చిన్నప్పుడు రంగుల అద్దకం నుంచి పట్టు వస్తే, గుమ్మంలో వెలుగుకు పట్టి చూసి, మామిడిపండు రంగు ఒక్క పిసరు ముదిరిందని మూట మొత్తం వెనక్కి పంపిన మనిషి ఈయన. ఆ జరీ ముడి చూశాను. వదులుగా, అటొక పోగు ఇటొక పోగు లేచిపోయి ఉంది. మగ్గం మీద ఆయన వేసే ముడిలా లేదు. రెండు కొత్త ఫ్యూజులు, పని, అన్నీ కలిపి నూట ఇరవై తీసుకుని ఎలక్ట్రీషియను తొందరపెట్టాడు, "పోక్కా, బిన్నా పో. ముప్పావు గంటలో ఉంటావు." అప్పుడు పన్నెండూ ఐదు.

ధర్మవరం రోడ్డు మీద కారు ఎక్కడా ఆగలేదు. నేను రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా అడిగాను, "కుడి కన్ను ఎప్పట్నుంచి కనపడల్యా?"

"ఉగాది కాడ్నుంచి."

"ఎడమది?"

"అదీ మబ్బుగానే ఉండాది. పొద్దున పూట కొంచెం నయం."

"ఎందుకు చెప్పలేదు నాయనా?"

నాయన కిటికీ వైపు తిరిగి అన్నాడు, "చెప్తే ఇంట్లో ఏ పనీ చెప్పవు. కుర్చీ ఏసి కూర్చోబెడతావు. నువ్వు ఛార్జింగు లేదని అల్లాడతాంటే, నా చేతనయింది ఇదొక్కటన్నా చేద్దామని చేసినా."

పన్నెండూ ముప్పావుకు ఆసుపత్రి చేరాం. టోకెన్లు అయిపోయాయని కౌంటరులో అమ్మాయి చెప్పింది. నేను బతిమాలుతుంటే గొంతు పెద్దదయింది. సంచి భుజాన వేసుకుని గదిలోంచి బయటికి వస్తున్న డాక్టరుకు అది వినబడింది. మధ్య వయసామె. నాయన వైపు చూసి, "పెద్దాయనా, నా చేతిలో వేళ్ళెన్ని?" అంది. నాయన ఆమె మొహం ఉన్న వైపు కాకుండా గోడ వైపు తిరిగి, "మూడు" అన్నాడు. ఆమె ఒక్క వేలూ చూపించలేదు, చెయ్యి జేబులోనే ఉంది. సంచి మళ్ళీ లోపల పెట్టేసింది. కంట్లో మందు వేయించి, అరగంట ఆగి చూసింది. కుడి కంటి విషయం ఇప్పుడే ఏమీ చెప్పలేనంది, చాలా ఆలస్యమైందట. ఎడమ కంట్లో కూడా మొదలైంది, ఇంకో నెల ఆగి ఉంటే అది కూడా పోయేదే అంది. ఆ మధ్యాహ్నమే ఎడమ కంటికి లేజరు చేసింది. మూడు వేలు అయింది. సాయంత్రం నాలుగు దాటాక నల్ల కళ్ళద్దాలతో నాయన్ను వెనక సీట్లో పడుకోబెట్టుకుని వెనక్కొచ్చాను.

అది జరిగి మూడు నెలలైంది. ఎడమ కన్ను నిలబడింది. కుడి కంటికి వెలుగు తెలుస్తుంది, అంతే. కారుకు రెండు వారాలు జబ్బు చేస్తే బ్యాటరీ మార్చాను, ఇద్దరు మెకానిక్కుల చుట్టూ తిరిగాను. ఇంట్లో మనిషి ఉగాది నుంచీ గోడలు తడుముకుంటూ తిరిగితే, గ్లాసు ఎత్తే ముందు వేలితో వెతికితే, వయసు కదా అనుకుని ఊరుకున్నాను. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు. ఇప్పుడు ఆయనకు పనులు చెబుతున్నాను. మొన్న పెరట్లో కుళాయి వాషరు మార్చాడు, నేను టార్చి పట్టుకుని పక్కన కూర్చున్నాను.

ఈ దారిలో పోయేవాళ్ళకు ఒక్క సలహా. ఇరవై రూపాయలకు ఒకటి చొప్పున ఎర్ర ఫ్యూజొకటి, నీలం ఫ్యూజొకటి డాష్‌బోర్డులో పెట్టుకోండి. బయల్దేరే ముందు ఫ్యూజుల పెట్టె మూత తీసి, దాని మీద రాసింది మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేత పైకి చదివించండి. "నాకు తెలుసులే" అని మూత మీ చేతిలో పెట్టేస్తే, కారు పని తర్వాత చూసుకోవచ్చు, అదే రోజు వాళ్ళను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.