డెబ్బైకి పావు తక్కువ

మొన్న మధ్యాహ్నం మా మనుమరాలు వానల లెక్కలేవో లాప్‌టాప్‌లో వేసుకుంటూ, రెండున్నరను దగ్గరి పూర్ణాంకానికి మార్చమంటే రెండు అంటోందనీ, మూడున్నరను మాత్రం నాలుగు చేస్తోందనీ విసుక్కుంది. తరువాత తనే వెతికి, సరిగ్గా సగం దగ్గర ఆగిన అంకెను పక్కనున్న సరిసంఖ్యకు జరపడం తను వాడే కంప్యూటర్ భాష పద్ధతట, ఎప్పుడూ పైకే జరిపితే మొత్తం పెరిగిపోతుందని అలా పెట్టారట, అని నాకు వివరించింది. నేను తలూపాను గానీ, మనసు అప్పటికే ఆదిలాబాద్‌లో నేను పనిచేసిన విత్తన పరీక్షల ల్యాబుకు, అక్కడ నా యారాలి మీద పెంచుకున్న కుళ్లు దగ్గరికి వెళ్లిపోయింది.

యారాలు అంటే మా మరిది భార్య. ఒకే ఇంటి కోడళ్లం, ఒకే ల్యాబులో ఉద్యోగం, అన్నం డబ్బాలు కూడా ఒకే సంచిలో. నేను ఆమెకన్నా ఆరేళ్లు ముందు చేరాను. తడి ఇసుక ట్రేలు నాలుగింటిలో నూరేసి గింజలు పెట్టి, మొలిచినవాటిని వేలితో ముట్టుకుంటూ లెక్కించి, సగటు తీసి, సగానికి తక్కువైతే కిందికి, సగమో ఆపైనో ఉంటే పైకి సవరించి రిజిస్టర్లో రాయడం నా పని. నా సగటు తప్పిందని ఎవరూ అనలేదు. అయినా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చినప్పుడు హైదరాబాద్‌ శిక్షణకు ఆమెనే పంపారు. ఆమె ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకొచ్చి సగటులన్నీ మిషనే తీసేలా ప్రోగ్రాం రాసింది. మా అత్త వాడకట్టంతా తిరిగి "మా చిన్న కోడలు కంప్యూటర్ నడిపిస్తది" అని చెప్పుకుంటుంటే, నేను పొయ్యి ముందు జొన్నరొట్టెలు కొడుతూ విన్నాను. రొట్టె మాడింది, నా కడుపూ మండింది.

ఒక సోమవారం ఇచ్చోడ రైతు ఒకాయన సోయా గింజల ఫలితం వచ్చింది. నాలుగు ట్రేలలో అరవై తొమ్మిది, డెబ్బై ఒకటి, డెబ్బై, అరవై తొమ్మిది మొలిచాయి. నా వేళ్ల లెక్కన సగటు డెబ్బైకి పావు తక్కువ, సవరిస్తే డెబ్బై. కంప్యూటర్ కాగితం మీద అరవై తొమ్మిది అని ఉంది. పాత కాగితాలు తిరగేస్తే, ఎక్కడ దశాంశం వచ్చినా దాన్ని నరికేసినట్టే ఉంది. ఫోర్ట్రాన్‌లో ఐ నుంచి ఎన్ దాకా ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే పేర్ల కింద దాచే అంకెలను, వేరే చెప్పకపోతే, పూర్ణాంకాలుగానే తీసుకుంటుందట. మా యారాలు సగటు దాచే చోటికి ముచ్చటపడి 'మొలక' అని పేరు పెట్టుకుంది. అది ఎం తో మొదలు కాబట్టి పావైనా ముప్పావైనా చప్పుడు లేకుండా రాలిపోయేది. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ రోజు తెలిసింది ఒక్కటే, ఆమె తప్పు చేసిందని. సంతోషం ఆగలేదు.

మామూలు మనిషైతే వెంటనే చెప్పేది. మా ఆఫీసరు సెలవులో ఉన్నాడు, గురువారం వస్తాడు. అందరి ముందూ చెబితేనే కదా ఆమె తల దిగేది అని ఆగాను. మంగళవారం ఆ రైతే వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. సోయాకు డెబ్బై ఉంటేనే విత్తనం, లేకపోతే నూనె మిల్లుకే.

"అమ్మా, ఒక్కొక్క గింజ ఏరి తెచ్చిన. ఒక్కటి తక్కువైందంటున్రు. జర మల్ల చూడున్రి."

రిపోర్టు అట్లాగే వచ్చిందని చెప్పి పంపించేశాను.

గురువారం ఆఫీసరు ముందు రెండు కాగితాలూ పరిచాను. మా యారాలు చూసి ఒక్క క్షణం తెల్లబోయింది.

"అక్కా, గిది నువ్వెప్పుడు చూసినవ్?"

"గిప్పుడే," అన్నాను.

నమ్మింది. దగ్గరి పూర్ణాంకానికి సవరించే మాట ఒకటి ప్రోగ్రాంలో సగటు తీసే వరుసలో చేర్చి, పాత ఫలితాలన్నీ మళ్లీ తీసి, మధ్యాహ్నం బస్సుకు తనే ఇచ్చోడ పోయింది. ఆ రైతు బుధవారమే సరుకు మిల్లులో పోసేశాడు. ఆమె ఆయన గడపలో నిలబడి తప్పు తనదేనని ఒప్పుకుని వచ్చింది. ఇంటికొచ్చి ఏడుస్తూ, "అక్క పట్టింది గనుక సరిపోయింది, లేకుంటే ఇంకెందరి గింజలు మిల్లుకు పోయేటియో" అని మా అత్తకు చెప్పింది. అత్త మొదటిసారి నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు ముందు కూర్చుని ఆ పూట అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు సగం దగ్గర ఎటు జరపాలో కూడా మిషన్లకు న్యాయం నేర్పారు. మా ఈడువాళ్లం వేలితో ముట్టి లెక్కించిన మొలకలను ఇవాళ ఫోటో తీసి లెక్కిస్తారట. ఆదిలాబాద్ నుంచి ఇచ్చోడకు రోడ్డు వెడల్పయింది, అరగంటలో పోవచ్చు. పోయి ఆ మంగళవారం సంగతి చెప్పుకుందామంటే ఆ రైతు లేడు. మా యారాలు హైదరాబాద్ పోయినందుకు, కంప్యూటర్ నేర్చినందుకు పడ్డ కుళ్లు ఎప్పుడో పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎక్కిన ఇచ్చోడ బస్సును తలచుకుని మాత్రం ఇవాళ్టికీ కుళ్లుకుంటాను.