అతుకు, మరమ్మతు కాదు

మా మేనత్త పోయిందని గద్వాల నుంచి బావ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "అమ్మ పోయిందే. పొద్దున మగ్గం కాడ కూసున్నది, పక్కకు ఒరిగింది, గంతే," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందు నా మీద. ఆ తర్వాత ఎక్కడో యూరప్‌లో ఒక అద్దాల పెట్టె పక్కన పెట్టిన చిన్న కార్డు మీద. ఆ కార్డు సంగతి మీకు చెప్పకుండా మా అత్తను తలుచుకోవడం నా వల్ల కాదు.

మా అత్త పని అచ్చు అతకడం. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, కొంగు పట్టు. నూలు పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయిన చోట ఒక్కో పోగుకూ ఒక్కో పట్టు పోగును వేళ్లతో మెలిపెట్టి కలపాలి. అలా ఆ కొస నుంచి ఈ కొస దాకా. మగ్గం మీద కూర్చున్నవాడే చీర నేశాడంటారు గానీ, ఈ అతుకు కోసం నడుములు పడిపోయిన ఆడవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

అతుకు పెట్టే రోజు అత్త తలకు నూనె రాసుకునేది కాదు, వంటింటి వైపు వచ్చేది కాదు. చేతికి జిడ్డు తగిలితే మెలి జారిపోతుందని ఆమె భయం. పక్కన ఒక పాత డబ్బా మూతలో పొయ్యి బూడిద ఉండేది. బొటనవేలూ చూపుడువేలూ అందులో అద్ది పోగు అందుకునేది. ఆ మూతను ఎవరైనా జరిపితే ఇల్లు పీకి పందిరేసేది. చిన్నప్పుడు నేను పక్కన చేరి వాగుతుంటే, "నోరు ముయ్యే కోడలా, పోగు తప్పితే నువ్వొచ్చి దిద్దుతవా?" అని కసిరేది. కాసేపటికి తనే పిలిచి నా వేళ్లకు బూడిద అద్దించి నేర్పేది.

ఆ నేర్పుతోనే నేను పాత బట్టలను పాడవకుండా కాపాడే చదువులో చేరాను. విద్యార్థులను విదేశీ మ్యూజియాలకు ఇంటర్న్‌షిప్ కోసం పంపే పథకం ఒకటుంది. దాని పేరు సాంస్కృతిక మార్పిడి. అందులో ఎంపికై ఆరు నెలలు యూరప్ వెళ్లాను. అక్కడ చేతులకు తొడుగులు వేసుకున్నాకే బట్టను ముట్టుకోవాలని చెబితే అత్త ఫోన్‌లో పడీ పడీ నవ్వింది. "తొడుగులేస్కుంటే వేళ్లకు ఏం తెలుస్తదే?"

ఒకరోజు ప్రదర్శన కోసం ఒక సొరుగు తెరిస్తే అందులో మన గద్వాల చీర! ప్రాణం లేచొచ్చింది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి పక్కన ఉంచిన కార్డు చదివాక ఒళ్లు మండింది. కొంగు చిరిగిపోతే తర్వాతి కాలంలో ఎవరో అతికి మరమ్మతు చేశారట. మా విభాగం పెద్దావిడతో, "ఇది మరమ్మతు కాదు, మా ఇళ్లలో కొంగు ఇలాగే కలుపుతారు," అన్నాను. ఆవిడ చాలా మర్యాదగా, "ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగింది. పుస్తకంలో లేదు, మా అత్త వేళ్లలో ఉంది అనాలి కదా? అనలేదు. నాకు మంచి రిపోర్టు కావాలి. తల ఊపి ఊరుకున్నాను.

చీరను, కార్డును ఫొటో తీసి పంపి, అందులో రాసింది చెబితే అత్త అగ్గిమీద గుగ్గిలమైంది. "మరమ్మతా? చిరిగితే చేసేదాన్ని మరమ్మతంటరు. పుట్టుకతోని ఉన్నదాన్ని గట్లెట్ల అంటరు? చీర నేయనీకె రాక అతుకులేసుకున్నమనుకుంటున్నరా? పోయి చెప్పు!" ఆ తర్వాత ప్రతి వారం అదే ప్రశ్న. "చెప్పినవా?" విని విని ఒకసారి అనేశాను, "చెప్పిన అత్తా, మార్చిన్రు." ఆమె సంబరం చూడాలి! "కొత్త కార్డు ఫొటో పంపవే, సూస్త," అంది. లోపల ఫొటోలు తీయనివ్వరన్నాను. అంతకుముందు ఫొటో పంపింది నేనేనని ఆమెకు గుర్తుండే ఉంటుంది. అయినా మళ్లీ అడగలేదు.

వచ్చేటప్పుడు అక్కడివాళ్లు కేకు కోసి సర్టిఫికెట్ ఇచ్చారు. మార్పిడి అట, మార్పిడి! వాళ్లు నాకు దుమ్ము తీయడం, మరకలు తీయడం నేర్పారు. బాగానే నేర్పారు, కాదనను. బదులుగా నేనేమిచ్చాను వాళ్లకు? నోరు మూసుకుని తప్పును ఒప్పు చేసి వచ్చాను.

అత్తకు స్నానం చేయిస్తూ ఆడవాళ్లు తలకు, చేతులకు నూనె రాస్తుంటే, "చేతులకు రాయకుండ్రి!" అని అరిచాను. అందరూ నన్ను వింతగా చూశారు. పక్కింటి పెద్దమ్మ నన్ను దగ్గరకు తీసుకుని, "పరాయి దేశంల అత్త మాట నిలవెట్టినవంట గద బిడ్డా. వాడకట్టంత చెప్పుకున్నది, మస్తు మురిసింది," అంది. ఆవిడ నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

దినాలు కాగానే మ్యూజియానికి జరిగిందంతా రాశాను, నా అబద్ధంతో సహా. జవాబు త్వరగానే వచ్చింది. చాలా విచారం వెలిబుచ్చి, అచ్చయిన ఆధారం ఏదైనా జతచేయమన్నారు. వాళ్లు పంపిన ఫారంలో ఆధారం అన్న చోట అత్త పేరు రాశాను. ఊరు గద్వాల, పని అచ్చు అతకడం. అదే ఫారం ప్రతి వారం పంపుతున్నాను. "చెప్పినవా?" అని ఆమె అడిగినన్ని సార్లూ వాళ్లను అడుగుతాను. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇప్పుడు ఇది అత్త ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. మగ్గం పక్కన డబ్బా మూత అలాగే ఉంది. ఆ పొద్దున ఆమె అద్దిన రెండు వేళ్ల గుంటలు బూడిదలో అలాగే ఉన్నాయి. ఎండలు మండిపోతున్నాయి. ఆ గదిలో మేమెవరమూ ఫ్యాన్ వేయడం లేదు.