పుట్టమన్నులో పసిడి రవ్వ

మంజులమ్మ చెవి కమ్మలు రెండూ కృష్ణగిరిలో ఒకే ఆచారి ఒకే రోజు చేసినవి. అయినా ఎడమ కమ్మ ఏటేటా పలచబడుతూ వచ్చింది. మొగుడు వెంకటరామప్ప దాన్ని గమనించలేదు. గమనించడానికి ఆయన చూపు పెళ్లాం ముఖం మీద ఉంటే కదా? అది ఎప్పుడూ నేలమీద రాళ్ల మీదే ఉండేది.

వాళ్ల ఊరు కుందారపల్లి నుంచి వేపనపల్లి పోయే దారిలో ఉంది. ఆ చేలల్లో రాగులు, అలసందలు పండేవి. ఇవి కాక ఒక కథ కూడా పండేది. కోలారు కొండ కింద పసిడి పాము తల పెట్టుకుని పడుకుందట, దాని తోక ఈ చేల కిందికి వచ్చిందట, అది ఊపిరి వదిలే చోటే పుట్ట లేస్తుందట. అందరూ ఆ కథ విని నిద్రపోయేవాళ్లు. వెంకటరామప్పకు మాత్రం అది వింటే నిద్ర పట్టేది కాదు.

మంజులమ్మ అన్న గోపాలప్ప కోలారు గనిలో పనిచేసేవాడు. ఏటా నాగుల పంచమికి వచ్చేవాడు. ఆమె పొద్దున్నే చేనిగట్టు పుట్టలో పాలు పోసి, తడిసిన మన్ను తెచ్చి అన్న వీపుకు రాసేది. తోడబుట్టినవాడు చల్లగా ఉండాలని అక్కడి ఆడవాళ్లంతా చేసే పనే అది. 1991లో గనిలో రాయి విరిగి, గోపాలప్ప పక్కన నిలబడ్డ ఇద్దరు చనిపోయారు. ఆ ఏడు పంచమికి ఆమె ఎడమ కమ్మ తీసి, గంధం సాన మీద రుద్ది, రాలిన పొడిని పాలలో కలిపి పుట్టలో పోసింది. బంగారం కోసం పాతాళానికి దిగే అన్నను బంగారమే కాపాడాలని మొక్కుకుంది. మొక్కు బయటికి చెబితే ఫలించదని ఎవరికీ చెప్పలేదు. పదేళ్లు అలాగే చేసింది. అన్న పదేళ్లూ ప్రాణంతో వచ్చాడు.

2001లో గని మూతపడింది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి కనుక గోపాలప్ప ట్రంకుపెట్టె పట్టుకుని చెల్లెలి ఇంటికే చేరాడు. ఇక భయం లేదు కదా అని మంజులమ్మ కమ్మ రుద్దడం మానేసింది. పాలు మాత్రం పోసేది.

అప్పటికే రెండేళ్లుగా వానలు లేవు. బోర్లు ఎండిపోయాయి. బావా బావమరదీ ఇంటి ముందు జగిలీ అరుగు మీద కూర్చున్నారంటే ఒకటే మాట.

"నల్లరాతి పట్టె కోలారు నుంచి దక్షిణానికి దిగుతాది బావా. దాంట్లో తెల్లరాయి తీగ దూరిన చోటే వెదకాల. మీ పాము కథ చెప్పినోడు ఎవుడో గాని, రాయి తెలిసినోడే," అన్నాడు గోపాలప్ప.

అతని మనసు గుట్ట మీది పాత గుంత వైపు ఉంది. ఎప్పటివాళ్లో బంగారం కోసం నిప్పు పెట్టి పగలగొట్టిన రాయి అక్కడ ఇంకా నల్లగా ఉండేది. వెంకటరామప్ప మనసు పుట్టల వైపు ఉంది. చివరకు గోపాలప్ప దానికీ ఒప్పుకున్నాడు. చెదలు తడి కోసం లోతుకు పోయి కింది మన్ను పైకి తెస్తాయి, కాబట్టి పుట్టమన్ను కడిగితే నేల కడుపులో ఏముందో తెలుస్తుందని అతని లెక్క.

ఇద్దరూ ఇరవై పుట్టల మన్ను తెచ్చి కొయ్య పళ్లెంలో కడిగారు. ఏమీ దొరకలేదు. మిగిలింది మంజులమ్మ పూజించే పుట్ట ఒక్కటే. దాన్ని గెలికితే ఆమె ఊరుకోదు. ఆమె సూళగిరి సంతకు పోయిన రోజు చూసి, పుట్ట అడుగున రెండు గంపల మన్ను తీశారు. పళ్లెం అంచున మూడు రవ్వలు మెరిశాయి.

గోపాలప్ప ఒక రవ్వను గోటిమీద పెట్టుకుని చూశాడు. "వాగులో కొట్టుకొచ్చిందైతే నున్నగా ఉంటాది. ఇది గరుకుగా ఉంది చూడు. దూరం నుంచి రాలేదు. తల్లిరాయి ఈడనే, మన కాళ్ల కింద ఉండాది," అన్నాడు. ఇరవై ఏళ్ల అనుభవం మాట్లాడింది. గుట్ట మీది గుంతను ఇద్దరూ మరిచిపోయారు.

పుట్టకు ఐదడుగుల దూరంలో తవ్వారు. ఈడనే ఎందుకని మంజులమ్మ అడిగితే, పాము ఊపిరి ఈడ ఉందని మొగుడు నవ్వాడు. 2003 పంచమి నాటికి గుంత ముప్పై అడుగులు దిగింది. పంచమి పొద్దున ఆమె అన్న వీపుకు మన్ను రాసింది. మధ్యాహ్నం వాన మొదలైంది, అన్నాళ్లూ రాని వాన. లోపల పార, గడ్డపార ఉన్నాయని గోపాలప్ప దిగాడు. సుద్ద మన్ను ఒక్కసారిగా జారింది.

అతన్ని పైకి తీయడానికి మరునాటి దాకా పట్టింది. వీపున ఉన్న మన్నులో తను రాసింది ఏదో, గుంతది ఏదో మంజులమ్మకు తెలియలేదు.

కమ్మ రుద్దడం మానేసినందుకే అన్న పోయాడని ఆమె నెలల తరబడి కుమిలిపోయింది. ముద్ద దిగేది కాదు. మూడేళ్లు బద్ధకించి అన్నను చంపుకున్నానని సాన వంక చూసి ఏడ్చేది.

ఆ మరుసటి వేసవిలో వెంకటరామప్ప కొత్త మోకుతాడు కొన్నాడు.

"ఏమప్పా, మళ్లీ ఆడికా?" అంది మంజులమ్మ.

"నేనే దిగతా. మీ అన్న ఊరికే చచ్చినాడని అనిపించుకోను. బంగారం ఉండాది, మంజులా. ఇదో చూడు." అగ్గిపెట్టెలో దూది మీద మూడు రవ్వలు ఉన్నాయి. "యాడివనుకుంటివి? నీ పుట్టలోవే. నువ్వు కోప్పడతావని చెప్పలేదు."

మంజులమ్మ రవ్వల వంక చూసింది. మానేసినందుకు కాదు, వేసినందుకు పోయాడు అన్న. అన్నను కాపాడమని తను పోసిన పొడే అన్నను ఆ గుంతలోకి దించింది. నోరు మూసుకుంటే ఈ సంగతి తనతోనే బూడిదవుతుంది. కానీ రేపు పొద్దున ఈయన కూడా ఆ సుద్ద మన్నులోకి దిగుతాడు.

ఆమె లోపలికి పోయి సాన తెచ్చింది. ఎడమ కమ్మ తీసి నాలుగుసార్లు గట్టిగా రుద్దింది. రాలిన పొడిని వేలితో అద్ది, అగ్గిపెట్టెలో రవ్వల పక్కన రాల్చింది. అన్నీ గరుకుగా, ఒకే రంగులో ఉన్నాయి.

వెంకటరామప్ప రవ్వలనూ పొడినీ మార్చి మార్చి చూసి, పలచబడ్డ కమ్మను చేతిలోకి తీసుకున్నాడు. "పుట్టలో ఎన్నేండ్లు వేసినావు?"

"పదేండ్లు. మా అన్న బతకాలని."

"ముందే ఒక మాట చెప్పుంటే..."

"నువ్వు మన్ను తీసేటప్పుడు చెప్పినావా?"

ఆయన మోకును చుట్ట చుట్టి అటక మీద పడేశాడు. మరునాటి నుంచి ఇద్దరూ గంపలతో మన్ను మోసి ఆ గుంతను పూడ్చారు. పదకొండు రోజులు పట్టింది.

మంజులమ్మ ఆ కమ్మలే ఇప్పటికీ పెట్టుకుంటోంది. ఒకటి మందంగా, ఒకటి ఆకులా పలచగా ఎందుకున్నాయని పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే, "అరిగిపోయిందమ్మా" అంటుంది.