ఆయుధ పూజ నాడు ఆపిన సర్వర్

ఆయుధ పూజ నాడు ఆఫీసు సర్వర్ ఆపింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తా ఉండాను. లేకుంటే మాటల్లో పడి తప్పంతా మేనేజర్ మింద తోసేసి నేను పక్కకు తప్పుకుంటాను. నా బుద్ధి నాకు తెలుసు.

మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ చిత్తూరు దారిలో ఉండాది, ఆఫీసు తిరుపతిలో. గుజ్జును డ్రమ్ముల్లో పోసి మద్రాసు హార్బరు నుంచి ఓడెక్కిస్తాం. ఆఫీసులో కంప్యూటర్లు, మెయిల్ సర్వర్, ఆఖరికి తిరగని ఫ్యాన్లు గూడా నా నెత్తిమిందే. పుత్తూరు నుంచి రోజూ రైల్లో వస్తాను. ఏదన్నా చెడిపోతే చాలు, మేనేజర్ ఎగతాళి మొదలుపెడతాడు: "మీ ఊర్లో విరిగిన ఎముకలే అతికిస్తారు కదప్పా, నువ్వు ఈ ప్రింటర్‌ని అతికించలేవా?"

మా పక్క ఆయుధ పూజంటే తమాషా కాదు. ఆ దినం ఏ మిషినూ తిరక్కూడదు. లారీలు కడిగి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, బూడిద గుమ్మడికాయ పగలగొడతాం, బొరుగులూ శనగలూ పంచుతాం. సర్వర్ ఆపొద్దని ఏటా నేను మొత్తుకుంటాను. ఏటా మేనేజర్ ఒకటే మాట అంటాడు: "సంవత్సరమంతా పని చేసేదానికి ఒక్క దినం రెస్టు ఇయ్యకుంటే ఎట్లప్పా?" సరేలే అని ఆపేసి, నా చేత్తోనే పసుపు కుంకుమ పెడతాను. ఇంతవరకూ ఏ తంటా రాలా. యాలంటే ఇంటర్నెట్ మోడెం మెట్ల కింద మూలలో పడుండేది, దాన్ని ఎవురూ ఆయుధం అనుకోలా. ఈ ఏడు దాన్ని తెచ్చి సర్వర్ పక్కన బిగించినాం. పూజలో దానికీ బొట్టు పడింది, దాని స్విచ్చీ ఆపినాను. పండగ అయినాక వచ్చి రెండూ వేసినాను. దీపాలన్నీ వెలిగినాయి. సంతోషంగా ఇంటికి పోయినాను.

నాలుగు దినాల తర్వాత పొద్దున్నే మేనేజర్ గదిలోంచి అరుపులు వినపడినాయి.

ఆయన ముందర నిలబడుండేది మా అక్క. తోడబుట్టిన అక్క కాదు, ఆఫీసులో అందరికీ అక్కే. ఇరవై ఏడేండ్ల ముందు, టైపు మిషిన్ల కాలంలో చేరింది. ఓడ బయల్దేరేలోపల హార్బరు ఏజెంటుకు పంపాల్సిన పేపర్లన్నీ ఆమే పంపుతాది. వాళ్లాయన కొండమింద వంటశాలలో పని చేసి చేసి, మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఇల్లు నడిచేది ఆమె జీతం మిందనే. ఆమె ఉద్యోగమేమో ఏడాదికొకసారి కొత్తగా రాయించుకోవాల్సిన ఉద్యోగం. రాసేది మేనేజరే.

హార్బరులో మా కంటైనర్లు నిలబడిపోయినాయంట. పేపర్లు అందలేదని ఏజెంటు అంటా ఉండాడు. పంపినానని అక్క అంటా ఉండాది.

"పంపింటే వాళ్లకు యాల రాలా?" అని మేనేజర్ ఎగిరినాడు. "అడ్రసు తప్పు కొట్టింటావు. కండ్లు కనపడని వయసొచ్చె నీకు. 'నా పొరపాటు వల్లనే పేపర్లు పోలేదు' అని సాయంత్రం లోపల రాసియ్యమ్మా. రాయకుంటే రేపట్నుంచి రావద్దు."

రాసిస్తే ఆ కాయితం చూపించి వచ్చే ఏడు తీసేస్తారు. రాయకుంటే రేపే. ఆ సంగతి అక్కకూ తెలుసు, తలుపు బయట నిలబడిన మాకూ తెలుసు.

"పంపినాను సార్. పంపినదాన్ని పంపలేదని ఎట్ల రాసిచ్చేది?" అనింది అక్క.

అప్పుడు నేనేమనుకున్నానో చెప్పేదానికి సిగ్గుగా ఉండాది. పాపం, అక్కకు వయసైపోయె, తప్పు కొట్టేసింటాది అనుకున్నా. అందరి మాదిరే నేను గూడా ఆమెను నమ్మలా.

ఆమె నేరుగా నా తావకు వచ్చింది. "కొంచిం చూడప్పా. నేను పంపినానా లేదా, అంతే చెప్పు."

చూసినాను. అడ్రసులో ఒక్క అక్షరం తప్పు లేదు. మా సర్వర్ మెయిళ్లను తానుగా బయటి ఊర్లకు పంపదు. రిలే అని ఇంకో కంపెనీ సర్వర్ ఉండాది. మాది దానికి అందిస్తే అది పంచుతాది, బస్టాండులో తెలిసిన కండక్టర్ చేతికి పార్సిల్ ఇచ్చినట్టు. ఆ రిలే ఎవురు పడితే వాళ్ల మెయిల్ తీసుకోదు. మా ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఒక నంబరుంటాది, ఆ నంబరు నుంచి వస్తేనే తీసుకుంటాది. సర్వర్ తన లెక్క రాసుకునే లాగ్ తెరిస్తే వరసగా ఒకటే మాట: నువ్వెవురో నాకు తెలీదు, నీ మెయిల్ తీసుకోను. మోడెం నంబరు చూసినా. మారిపోయుండాది! ఏండ్ల తరబడి ఆరని మోడెం ఒక దినమంతా ఆరిపోయేసరికి, ఇంటర్నెట్ కంపెనీవాళ్ల దగ్గర పాత నంబరు ఇంకెవురికో పోయి మాకు కొత్తది వచ్చింది. పండగ నాటి నుంచి బయటికి పోవాల్సిన ప్రతి మెయిలూ వెనక్కే తిరిగింది.

మరి ఇంకెవురూ యాల గోల పెట్టలా? మిగతావాళ్లంతా వాట్సాప్‌లో పంపుకుంటారు, లేకుంటే ఫోన్లో సొంత మెయిల్ నుంచి పంపుకుంటారు. కంపెనీ పేపర్లు కంపెనీ మెయిల్ నుంచే పోవాలనే రూలును పాటించే మనిషి మొత్తం ఆఫీసుకు అక్క ఒక్కతే. పాటించినందుకే ఇరుక్కునింది.

ఇంతవరకే అయితే "సర్వర్ ప్రాబ్లమ్" అని చేతులు దులుపుకోవచ్చు. గానీ మెయిల్ తిరిగొస్తే, 'నీది పోలేదు' అని సర్వరే పంపినోళ్లకు ఒక జాబు పంపుతాది. ఆ జాబు అక్కకు యాల రాలా? అడిగిందీ నేనే, జవాబు తెలిసిందీ నాకే. నోట్లో పచ్చి వెలక్కాయ పడినట్టయింది.

కొన్నేండ్ల ముందు అట్లాంటి జాబులే దొంగవి వందలు వందలు వచ్చిపడినాయి. "వైరస్ వచ్చిందా అప్పా" అని గంటకొకరు వచ్చి నా ప్రాణం తీసినారు. నాకు ముక్కుమింద కోపం. "ఛీ, మీకు ఇవి కనపడనే కనపడకుండా చేస్తా పోండి" అని, తిరుగు జాబులన్నీ ఎవురికీ పోకుండా నా మెయిల్ పెట్టె ఒకదాన్లో పడేటట్టు చేసి పెట్టినా. వారానికొకసారి నేనే చూసి చెప్తాననుకున్నా. ఒక నెల చూసినా. తర్వాత ఆ పెట్టె ఒకటి ఉండాదనే మర్చిపోయినా. ఇప్పుడు తెరిస్తే పైనే ఉండాయి, అక్క పంపినవి, పదకొండు.

"ఏమప్పా, ఏమన్నా తేలిందా?" అని మేనేజర్ గదిలోంచే కేకేసినాడు. "చూస్తా ఉండాను సార్" అన్నా. గుమ్మడికాయల దొంగ మాదిరి నా చెయ్యి నా భుజం మిందికే పోయింది.

రిలే కంపెనీకి ఫోన్ చేసి కొత్త నంబరు ఎక్కించమన్నా. అరగంట పని. నా ఫోనుకు ఒక మెయిల్ పంపి చూస్తే వచ్చింది. తిరుగు జాబులు ఎవురివి వాళ్లకే పోయేటట్టు మార్చినా. అదంతా సులభమే. మేనేజర్ గది దాకా నడిచేదే కష్టమైపోయింది. నాకూ ఇద్దరు పిల్లోళ్లు ఉండారు, ఆ ఉద్యోగం నాకూ కావాల. ఆ పెట్టె సంగతి నేను చెప్పకుంటే ఎప్పటికీ ఎవురికీ తెలీదు. నీళ్లు తాగొచ్చినా. ప్రింటర్లో కాయితాలు సర్దినా, అవి సర్దుండేవే. మూడైంది. చూస్తే అక్క తెల్లకాయితం ముందర పెట్టుకోని కూర్చోనుండాది. తేదీ రాసింది. "మేనేజర్ గారికి" అని రాసింది. ఆడికి పెన్ను ఆగిపోయుండాది.

ఇంక నావల్ల కాలా. "లెయ్యక్కా" అని ఆమెను వెంటబెట్టుకోని గదిలోకి పోయినా.

"సార్, అక్క పేపర్లన్నీ సరిగ్గానే పంపింది. పండగకు మోడెం ఆపింది నేను. అవి తిరిగొచ్చినాయని ఆమెకు తెలీకుండా చేసిందీ నేనే. తప్పు నాది." ఒక్క గుక్కలో చెప్పేసి, తిట్లకు తలొంచుకోని నిలబడినా. పోతే పోనీ ఉద్యోగం అనుకున్నా.

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలినాడు. "అట్లనా! మిషిన్లన్నాక ఇట్లాంటివి వస్తానే ఉంటాయిలేప్పా. ఇప్పుడు సరిచేసినావు గదా, చాలు. పొద్దున్నించి ఏమీ తిన్నట్టు లేవు, మొకం పీక్కపోయుండాది" అని బెల్లు కొట్టి నాకు టీ తెప్పించినాడు. అక్కతో మాత్రం, "సరేమ్మా, మళ్లా పంపించెయ్, తొందరగా" అన్నాడు. అంతే.

బయటికొచ్చినాక చేతులు జోడించి, "తప్పయిపోయింది, క్షమించక్కా" అన్నా. ఏడుపొచ్చింది, దాచుకోలా.

"నీమింద నాకు కోపం లేదప్పా. నువ్వు గాబట్టి చెప్పినావు" అనింది. మళ్లా మెల్లగా, "అయినా చూడు. తప్పు నాదనుకున్నంతసేపూ రేపట్నుంచి రావద్దన్నారు. నీదని తేలినాక టీ ఇచ్చినారు" అనింది.



ఆమె సీట్లో కూర్చోని పేపర్లన్నీ మళ్లా పంపింది. అందినాయని సాయంత్రం ఏజెంటు ఫోన్ చేసినాడు. కంటైనర్లు కదిలినాయి, ఆమె ఉద్యోగమూ నిలబడింది. గానీ ఆ దినం మొదటి మెయిల్ పంపినప్పుడే తల తిప్పి నన్నడిగింది: "పోయిందా అప్పా?" పోయిందక్కా అన్నా. రెండోదానికీ అడిగింది. ఇరవై ఏడేండ్లు తన పని సరిగ్గా అయిందా అని ఎవురినీ అడగని మనిషి. ఇప్పుడు ఏది తిరిగొచ్చినా నీకే తెలుస్తాదక్కా అని ఎన్నోసార్లు చెప్పినా. తలూపుతాది. మళ్లా ఇంకోటి పంపి, నా పక్కకు తిరిగి అడగతాది.