బజ్జీలు పెట్టి రాయించుకున్న పొగడ్తలు

మొన్న మా మనవరాలు నా ఫోన్లో ఏదో కొత్త ఖాతా తెరిచి, నా గురించి ఒక్క ముక్క చెబితే అక్కడున్న డబ్బాలో రాస్తానని అడిగేసరికి, ముందు నవ్వు, దాని వెనకే కాస్త సిగ్గు కూడా వచ్చాయి, ఎందుకంటే అలాంటి డబ్బాను నేనొకసారి నింపి చూసినవాణ్ణే. అసలు మా కంపెనీ ఉన్న నాచారానికి సోషల్ మీడియాను తెచ్చింది నేనే. సరే, తెచ్చింది మా బామ్మర్ది, అదీ ఉప్పల్‌లో వాడు పెట్టుకున్న నెట్ సెంటర్‌కి. నేను పక్క కుర్చీలో కూర్చుని మౌసు ముట్టుకోవడానికి జంకినవాణ్ణి.

మన వయసువాళ్లకు ఆ సైటు గుర్తుండే ఉంటుంది. అందులో మన పేజీ మీద మన గురించి స్నేహితులు నాలుగు మంచి మాటలు రాసిపెట్టేవాళ్లు, టెస్టిమోనియల్ అని దానికి పేరు. నాకు యాభై మంది రాశారు. కాదులెండి, పదకొండు మంది, అందరూ మా కంపెనీలో నాతోపాటు ఇనుము చెక్కే లేత్ షాపువాళ్లే, ఉప్పల్ చౌరస్తాలో మిరపకాయ బజ్జీలు తినిపించి నేనే రాయించుకున్నాను. ఉద్యోగం దగ్గర ప్రొడక్షన్ మేనేజర్ అని పెట్టుకున్నానేమో, వాళ్లు కూడా ఉత్సాహపడి, అన్న ఒక్క మాట చెబితే నాచారంలో నౌకరి పక్కా అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు దంచారు.

అంతకుముందు పాత కంపెనీలో ఏడేళ్లు నా పక్క మిషన్ మీద పనిచేసిన దోస్తు ఒకడు, ఆ కంపెనీ మూతపడ్డాక అన్నోజిగూడ దగ్గర రోడ్డు పక్క హోటల్లో చాయ్ కాస్తుండేవాడు. కూతురి పదో తరగతి మార్కులు చూడ్డానికి నెట్ సెంటర్‌కి వెళ్లినప్పుడు, ఆ పిల్ల నా పేరు కొట్టి పేజీ చూపించిందట. మర్నాడే హోటల్ పని మానేసి, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చి, మేనేజర్‌ని పిలవమన్నాడు. ఆ పేరుతో మేనేజర్ లేడు, ఆపరేటర్ ఉన్నాడని వాచ్‌మన్ నన్ను పిలిచాడు.

ఆయిల్ చేతులతో బయటికొచ్చిన నాకు, పెద్దసారు సెలవులో ఉన్నాడని చెప్పి తప్పించుకుందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ వాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బజ్జీలతో సహా అంతా చెప్పేశాను.

వాడు కవర్ మడిచి చంకలో పెట్టుకుని, "నువ్వు కోతలు కోస్తవని నాకు ఎర్కనేరా. గని పదకొండు మంది కూడబలుక్కొని అబద్ధం జెప్తరా అనుకున్న" అన్నాడు.

పూట సెలవు పెట్టి, వాణ్ణి స్కూటరెక్కించుకుని, నారపల్లి పొలాల్లో అప్పుడే పాతుతున్న ప్లాట్ల రాళ్లు దాటుకుంటూ అన్నోజిగూడ వెళ్లాను. అప్పటికే పొయ్యి దగ్గర ఇంకొకడున్నాడు. తప్పు మా దోస్తుది కాదు, నాదేనని చాయ్ తాగుతున్న గిరాకీల ముందు నేను చెప్పుకుంటుంటే, హోటలాయన చాయ్ వడపోస్తూనే, "గింత పెద్ద మేనేజర్ సాబ్ సిఫారసు జేస్తుంటే కాదంటనా" అని అందరినీ నవ్వించి, చివరికి పొద్దటి పూట పని మావాడికిచ్చాడు.

వారం తర్వాత నా పేజీ మీద మా దోస్తు రాసిన పన్నెండో పొగడ్త పడింది. లేత్ ఆపరేటర్, కోతలు కోస్తడు, ఎనక ఒప్పుకుంటడు, అంతే. మిగతా పదకొండూ మా బామ్మర్దితో తీయించేశాను.

తెలంగాణ వచ్చిన ఏడాదే ఆ సైటు మూతపడి, దోస్తు వాక్యం కూడా దాంతోనే పోయింది. ఇప్పుడు వాడూ నేనూ ఫోన్లో ఒకే గ్రూపులో ఉన్నాం. నేనేం పెట్టినా చదవకుండానే బొటనవేలు బొమ్మ పంపుతాడు, నేనూ అంతే. మా మాటలు నమ్మి పని మానుకుని వచ్చేవాళ్లెవరూ లేరిప్పుడు, అది మంచిదే. కానీ కోతలు కోశావని గేటు దగ్గర నిలబెట్టి చెప్పేవాళ్లు కూడా లేకుండా పోయారు.

మనవరాలి డబ్బాలో ఆ పన్నెండోదే రాయించాను. రాశాక అది, "గిట్ల ఎవరన్న రాసుకుంటరా తాతా?" అంది. నేను రాసుకున్నది కాదమ్మా అన్నాను.