చెత్తడబ్బాలు కప్పిన మౌంటు

2023లో, అమలాపురంలో నా ఫ్రేముల షాపుకి ఇరవై ఆరేళ్లు నిండిన ఏడాది జరిగిందిది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, సగం నా మీదే.

గ్రేసమ్మ గారిది కొత్తపేట. అమెరికాలో ఒక సబర్బులో, అంటే నగరం బయట ఇళ్ల కాలనీలో, నర్సుగా చేసి తిరిగొచ్చారు. అక్కడ రోజూ కిటికీలోంచి చూసినవే బొమ్మలు వేసేవారు: గ్యారేజీ తలుపులు, గడ్డి కోసే మిషన్లు, పసుపురంగు స్కూలు బస్సు. మా ఊరి కళా సంఘం ప్రదర్శనలో ఆవిడకి మొదటిసారి చోటిచ్చారు, అదీ ఒక్క బొమ్మకే. వరసగా ఏడిళ్లు, కింద రోడ్డు వారన చెత్తడబ్బాలు. ఎక్కడా మనిషన్నవాడు లేడు.

బొమ్మ ఫ్రేము కట్టడానికి నా దగ్గరుండగా సంఘం అధ్యక్షుడు వచ్చాడు. ముఖ్య అతిథికి చెత్తడబ్బాలు చూపిస్తామా అని చిరాకుపడి, కింద మౌంటు వెడల్పు చేసి కప్పెయ్యమన్నాడు. మౌంటంటే ఫ్రేము లోపల బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట. దేవుడి పటమైతే పాదాలు కప్పం. మిగతావాటికి అంచు కాస్త లోపలికి పోయినా ఎవరూ అడగరు. ఆవిడకో మాట చెప్పాలని కూడా తోచలేదు నాకు. నీటుగా కప్పేశాను.

ఆవిడ వచ్చి, కింది అట్ట మీద వేలు పెట్టి చూశారు. ఇళ్లు ఇప్పుడు బాగా కనపడుతున్నాయని నేనే ఏదో అన్నాను, సిగ్గు లేకుండా.

“ఏడిళ్లకి ఆరు డబ్బాలే వేసేనండి. అక్కడ ఎవరి మొహమూ కనపడదు. ఎదురింటి మామ్మగారు బతికున్నారని, వారం వారం చెత్తబండి కోసం ఆవిడ డబ్బా బయటికొస్తేనే తెలిసేది నాకు. ఈ బొమ్మ వేసిన వారం రాలేదండి. మీరు కప్పేసింది ఆవిణ్ణండి.”

“ఆయ్, తప్పయిపోయిందండి” అన్నాను. ఆవిడ ఎదురుగానే వెనక అట్ట ఊడదీసి, సన్నటి మౌంటు కోసి మళ్లీ కట్టాను.

ప్రదర్శన రోజు అధ్యక్షుడు ఆ బొమ్మ తీయించి, స్టేజీ వెనక గోడవైపు తిప్పి పెట్టించాడు. నాకు కోపం నషాళానికి అంటింది. దాన్ని ఎత్తుకొచ్చి నేనే మేకు కొట్టి తగిలించాను.

“మళ్లీ తీస్తే ఇక్కడున్న ఫ్రేములన్నీ ఊడదీసుకుని పోతానండి. అన్నీ నేను కట్టినవే.”

అతను ముఖ్య అతిథికి ఎదురెళ్లిపోయాడు, బొమ్మ గోడ మీదే ఉండిపోయింది.

అప్పట్నుంచీ అట్ట మీద కత్తి పెట్టే ముందు, ఇందులో ఏది పోతే మీ బొమ్మ పోయినట్టు అని వేసినవాళ్లనే అడుగుతున్నాను. ఎవరెవరి బొమ్మల్లో ఎవర్ని కోసేశానో ఇన్నేళ్లలో, నాకే తెలీదు. ఆ అధ్యక్షుణ్ణి ఎంత తిట్టుకున్నా ఏం లాభం? అతను కప్పమన్నాడంతే, కప్పిన చెయ్యి నాది.